వాసనొస్తే మందు తగ్గించు

ముప్పై మూడేళ్ళు ఏం ఉద్యోగం చేశారని ఎవరైనా అడిగితే, ఊళ్ళోవాళ్ళ కుళాయిల దగ్గర నిలబడ్డానని చెబుతాను. ఖరగ్‌పూర్ రైల్వే నీళ్ళ ల్యాబులో అటెండెంటుగా చేరి, కాస్త పై గ్రేడు అటెండెంటుగా దిగిపోయాను. పొద్దున్నే ఫిల్టర్ హౌస్‌లో నీళ్ళు వదలగానే, పైపులైను ఎక్కడ ఆఖరవుతుందో ఆ క్వార్టరు దాకా నడిచి వెళ్ళేదాన్ని. వాళ్ళ కుళాయి తిప్పి, వేలెడు గాజు గొట్టంలో నీళ్ళు పట్టి, అయిదు చుక్కల మందు వేసి, పసుపు రంగు ఎంత ముదిరిందో చూసేదాన్ని. రంగు తేలితే క్లోరిన్ చివరిదాకా చేరినట్టు. తేలకపోతే దారిలో ఎక్కడో మురికి దాన్ని తినేసినట్టు. ఇంతే పని. ఈ ఇంత పని మీదే కాలనీ అంతా కడుపులో చల్ల కదలకుండా బతికిందని నా గర్వం.

ఈ మధ్య ల్యాబులో కొత్తగా చేరిన మీరంతా నన్ను టీకి పిలిచి, మరచిపోలేని కేసు ఒకటి చెప్పమన్నారు. ఒక లైనులో కామెర్లు మొదలవకముందే చివరి కుళాయిలో క్లోరిన్ లేదని పట్టుకున్న కథ చెప్పాను. మీరు మెచ్చుకున్నారు, సమోసా రెండోది కూడా పెట్టారు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే సిగ్గేసింది. అది నేను నెగ్గిన కథ. దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. మీకు చెప్పాల్సిన కథ సర్వీసులో కాదు, దిగిపోయాక జరిగింది. ఎదురుగా చెప్పే ధైర్యం లేక రాసి పంపుతున్నాను.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వర్క్‌షాపులో పనికి వచ్చాడు. నాన్న ఫిల్టర్ హౌస్‌లో ఖలాసీ. ఆయన సర్వీసులో ఉండగానే పోతే, ఆ లెక్కన నాకు ల్యాబులో ఉద్యోగం ఇచ్చారు. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళు, సంబంధాలు చూస్తున్న రోజులు. అమ్మ మంచాన పడ్డాక చూడడం మానేశారు. నేనూ ఎవరికీ గుర్తు చేయలేదు. ఫిల్టర్ హౌస్‌లో నాన్నతో పనిచేసిన ముసలి మేస్త్రి ఒకాయన ఉండేవాడు, మావైపు మనిషే. చదువు లేదు గానీ, వాల్వు మీద చెయ్యి వేసి లోపల నీళ్ళెంత జోరుగా పోతున్నాయో చెప్పేవాడు. మొదటి రోజు నా చేతిలో గాజు గొట్టం చూసి నవ్వాడు.

“గుంటా, రంగు తరవాత సూడు, ముందు ముక్కెట్టు. వాసనొచ్చిందంటే మందెక్కువైనట్టే. ఆపీసర్ల బంగళాల్నుంచి పోనొచ్చీలోపల తగ్గించీయాల.”

మందంటే ఆయన లెక్కలో క్లోరిన్. ఆ మాట నేను చచ్చేదాకా మరిచిపోను. తాగే నీళ్ళకి అది తిరుగులేని మాట కూడా. ఇసుక ఫిల్టరులోంచి తేటగా దిగిన నీళ్ళల్లో క్లోరిన్ తినడానికి పెద్దగా ఏమీ ఉండదు. అలాంటి నీళ్ళు కంపు కొడుతున్నాయంటే ఎవరిదో చెయ్యి జారినట్టే. వాసనొస్తే మందు తగ్గించు. ముప్పై మూడేళ్ళు నేను ఆ ఒక్క సూత్రంతో నెట్టుకొచ్చాను, ఒక్కసారి కూడా నా రీడింగు తప్పని ఎవరూ అనలేదు.

దిగిపోవడానికి రెండేళ్ళ ముందు ల్యాబుకి కొత్త కెమిస్టు వచ్చింది, గుంటూరు వైపు అమ్మాయి. వచ్చిన నెలకే నా పసుపు చుక్కలు తీసేయించి గులాబీ రంగు వచ్చే మాత్రలు తెప్పించింది. ఆ చుక్కల మందు ఒంటికి మంచిది కాదంది. అదొక్కటే కాదు మేడమ్, పనికొచ్చే క్లోరిన్‌నీ, మురికితో కలిసి చచ్చిపోయిన క్లోరిన్‌నీ ఈ చుక్కలు కలిపేసి చూపిస్తాయి, మాత్రలైతే విడివిడిగా చూపిస్తాయి అని ఓపిగ్గా చెప్పింది. నువ్వు పుట్టకముందు నుంచీ నేనీ పసుపు చూస్తున్నానమ్మా అన్నాను. పారేయబోతున్న పసుపు చుక్కల సీసాలూ, రంగు పోల్చి చూసే గాజు పలకల పెట్టే నేను సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి ఊళ్ళోనే ఇందా పేటలో రెండు గదులు అద్దెకు తీసుకున్నాను. అమ్మ అప్పటికే పోయింది. నా వీధిలో అందరూ మంచివాళ్ళే. 'దీదీ, కేమోన్ ఆఛేన్' అని బాగోగులు అడిగి, జవాబు వినేలోపు ఆటో ఎక్కేసేవాళ్ళు. ఎవరి పనులు వాళ్ళవి, తప్పేమీ లేదు. మొదటి నెల పొద్దున్నే అయిదింటికి మెలకువ వచ్చేసేది. కడగడానికి శాంపిల్ సీసాలు లేక, వాడని గ్లాసులన్నీ దించి కడిగేదాన్ని. నా కుళాయి నీళ్ళే గొట్టంలో పట్టి, చుక్కలు వేసి, రీడింగు పైకి చదివేదాన్ని. రాసుకునేవాళ్ళు ఎవరూ లేరు. చేపల మనిషితో బేరమాడిన రోజున తప్ప నా గొంతు నాకే వినపడేది కాదు. ఒంటరితనం ఇంత చప్పుడు లేకుండా వస్తుందని నేను అనుకోలేదు. నాకు చాలా భయమేసింది.

అలాంటి రోజుల్లో గోల్‌బజార్‌లో ఫినాయిలు కొనడానికి ఒక దుకాణానికి వెళ్ళాను. ఒక పెద్దమనిషి తెలుగు యాసతో హిందీ మాట్లాడుతూ, ఇంట్లో ఉన్న స్విమ్మింగ్ పూల్‌లో వేయడానికి బ్లీచింగ్ పౌడర్ అడుగుతున్నాడు. దుకాణదారు మూతి విప్పిన బస్తా చూపించి తాజా సరుకే అంటున్నాడు. నోరు ఊరుకోదు నాకు. మూతి విప్పి ఉంచిన బ్లీచింగూ సున్నమూ ఒకటే బాబూ, క్లోరిన్ ఎప్పుడో ఎగిరిపోయింది అన్నాను. దుకాణదారు నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఆ పెద్దమనిషి మాత్రం నన్ను పక్కకు పిలిచి ఏం చేసేవారని అడిగాడు. పది నిమిషాల్లో నాకు పని దొరికింది.

ఆయన ఉండేది భువనేశ్వర్‌లో. ఖరగ్‌పూర్‌లో తాల్‌బగీచా వైపు ఉన్న ఇల్లు ఆయన అన్నగారిది. అన్నగారు రైల్వే కాంట్రాక్టులు చేసి కలిసొచ్చాక, దీఘా సముద్రం ఒడ్డున ఏదో హోటల్లో చూశానని ఇంటి వెనక స్విమ్మింగ్ పూల్ కట్టించాడట. రెండేళ్ళు అందులో బోర్లా వెల్లకిలా తేలి, గుండెపోటుతో పోయాడు. పిల్లలు లేరు. భార్య ఒక్కతే ఆ ఇంట్లో ఉండేది. ఆమె మొగుడు బతికుండగా ఒక్కసారి కూడా అందులో కాలు పెట్టలేదు. తరువాత జారిపడి తుంటి విరిగి, లోపల లోహపు ముక్క వేశారు. నేల మీద కర్ర లేకుండా అడుగు పడేది కాదు. ఒళ్ళు తేలికవుతుంది కాబట్టి నీళ్ళలో నడవమని డాక్టరు చెప్పాడు. అలా డెబ్బై ఏళ్ళ వయసులో ఆమె నీళ్ళలోకి దిగింది.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఆమె రొమ్ముల దాకా నీళ్ళలో ఉంది, ఒంటి మీద పాత నేత చీర. ఇటు గోడ నుంచి అటు గోడకి నడుస్తోంది. నన్ను చూసి ఆగలేదు. ఆ గోడ ముట్టుకుని తిరిగొచ్చాక, రెండు చేతులూ పైకెత్తి చూపించింది, ఏ ఆసరా లేదని.

“ఏటమ్మా, రైల్వే నీల్లు సూసినావంటగదా. నా తొట్టి సూడు.”

ఆమె దాన్ని తొట్టి అనేది. నేనూ అలాగే అనడం మొదలుపెట్టాను. రెండో వారానికి ఆమె నాకు అప్ప అయింది, నేను ఆమెకు సెల్లినయ్యాను. మావైపు అక్కని అప్ప అంటాం. అలా పిలవడానికి నాకు ఎవరూ ఉండేవారు కాదు.

తొట్టి పని చెప్పుకోవడానికి చిన్నది. పక్కింటి మామిడాకులు వలతో తీయడం, పంపు వేసి నీళ్ళు ఇసుక ఫిల్టరులో తిప్పడం, వారానికోసారి ఆ ఇసుకని ఎదురు నీళ్ళతో కడగడం, క్లోరిన్ పొడి బకెట్లో కలిపి చుట్టూ పోయడం. నేను పొద్దున్న ఆటోలో వెళ్ళి గంటలో తిరిగి రావచ్చు. మధ్యాహ్నం దాకా ఉండేదాన్ని. అప్ప పొద్దున వచ్చి వండిపోయే మనిషి చేత అల్లం టీ పెట్టించేది. కొన్నాళ్ళకి నాకూ కలిపి బియ్యం పోయించింది. ఆవ పెట్టిన కూర తిని ఎన్నేళ్ళయిందో అని నేను ఒకసారి నోరు జారితే, వారంలో మూడు రోజులు అదే వండించింది. ఏం మాట్లాడుకునేవాళ్ళమంటే ఏమీ లేదు. ఫలానా వీధిలో నీళ్ళు ఎలా వచ్చేవి, ఫలానా అమ్మ ఎవరితో పోట్లాడేది. ఆమెకి అందరూ తెలుసు, నాకు అందరి కుళాయిలూ తెలుసు.

ఇక నా తప్పు ఎక్కడ మొదలైందో చెబుతాను. అప్ప నీళ్ళలో దిగేముందు తుంటికీ మోకాళ్ళకీ వాము వేసి కాచిన ఆవనూనె రాసుకునేది, పైన కాళ్ళకి పసుపు. నూనె రాసుకుని నానితే నొప్పి లాగేస్తుందని ఆమె నమ్మకం. మా ఇళ్ళలో ఏ ముసలమ్మని అడిగినా అదే చెబుతుంది. ఇంట్లో స్నానానికైతే అది మంచి అలవాటే. కానీ రోజూ అవే నీళ్ళు తిరిగే తొట్టిలో నూనె, పసుపు, చెమట అంటే క్లోరిన్‌కి అన్నం పెట్టినట్టు. కడుక్కుని దిగు అప్పా అని మొదటి రోజే చెప్పాల్సింది. చెప్పబోయాను కూడా. ఆ రోజు ఆమె చెయ్యి నడుము వెనక్కి అందక అవస్థ పడుతుంటే, నేను నూనె గిన్నె అందుకుని రాశాను. మర్నాడూ రాశాను. తరువాత అది నా పనిలో భాగమైపోయింది. అమ్మ పోయాక నేను ఇంకో మనిషి ఒంటి మీద చెయ్యి వేసి ఎన్నేళ్ళయిందో. నూనె మానేయమంటే ఆ పావుగంట కూడా పోతుంది. అందుకే చెప్పలేదు. పోనీ మందు కాస్త ఎక్కువ వేసి సర్దుతాను అనుకున్నాను.

వానలు పట్టాక తొట్టి కంపు కొట్టడం మొదలుపెట్టింది. గేటు తీయగానే ముక్కుకి తగిలే ఘాటు క్లోరిన్ వాసన. అప్ప కళ్ళు ఎర్రబడ్డాయి. నేను గొట్టంలో నీళ్ళు పట్టి చుక్కలు వేశాను. రంగు చిక్కటి పసుపు, బొప్పాయి ముక్కలా. ముక్కూ రంగూ ఒకే మాట చెబుతున్నాయి. మందెక్కువైంది. తగ్గించాను. వాసన పోలేదు. ఇంకా తగ్గించాను. రోజూ పసుపు తేలుతూనే ఉంది, నేను తగ్గిస్తూనే ఉన్నాను. ఎంత తక్కువ మందుతో ఎంత మంచి రీడింగు వస్తోందో చూడు అప్పా అని గొప్పలు కూడా పోయాను. ఆమె నీళ్ళల్లో నడుస్తూ, నీ సెయ్యి మంచిది సెల్లీ అంది.

ఈపాటికి మీకు అర్థమైపోయి ఉంటుంది, మీరు మాత్రలతో నేర్చుకున్నవాళ్ళు. తొట్టి నీళ్ళలో ఆ ఘాటు క్లోరిన్ ఎక్కువై వచ్చేది కాదు. నూనెతో, చెమటతో కలిసి చచ్చిపోయిన క్లోరిన్ది ఆ కంపు, కళ్ళు మండించేదీ అదే. నా చుక్కలు దాన్నే లెక్కపెట్టి పసుపు చూపించాయి. అప్పుడు చేయాల్సింది ఒక్కసారిగా చాలా మందు వేసి, చచ్చినదాన్నంతా కాల్చేసి, రెండు రోజులు ఎవరినీ దిగనీయకపోవడం. నేను సరిగ్గా తిరగేసి చేశాను. ఎవరినైనా అడిగి ఉండొచ్చు. గుంటూరు అమ్మాయి నంబరు నా ఫోనులోనే ఉంది. ఆ అమ్మాయిని అడగడమా, నేనా.

ఒక సోమవారం అప్ప తొడల మీద ఎర్రటి పొక్కులు లేచాయి. చెమటకాయలేమో అనుకున్నాం. బుధవారానికి అవి చీము పట్టి తుంటి మీద ఆపరేషన్ గాటు దాకా పాకాయి, జ్వరం వచ్చింది. ఆటోలో నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరు చూడగానే ఈవిడ ఏ నీళ్ళలో నానుతున్నారని అడిగాడు. చర్మం మీది చీము లోపలి లోహం దాకా చేరిందంటే తుంటి మళ్ళీ కోయాలి, ఈ వయసులో అదొక గండం అన్నాడు. అయిదు రోజులు సూదులు పడ్డాయి. నేను అక్కడే ఆమె మంచం పక్కన కూర్చున్నాను. ఆమె జ్వరంలో కూడా తొట్టిలో ఆకులు తీసినావా అని అడిగింది. చీము లోపలికి చేరలేదని తేలిన రోజు నేను వరండాలోకి వెళ్ళి ఏడ్చాను. నా వల్లే అన్న అనుమానం అప్పటికే ఉంది నాకు. కానీ దాన్ని పైకి రానీయలేదు.

అప్ప ఇంటికొచ్చిన మూడో రోజు పొద్దున, నన్ను పనిలో పెట్టిన ఆమె మరిదిగారు భువనేశ్వర్ నుంచి వచ్చారు. కలకత్తాలో స్విమ్మింగ్ పూల్స్ చూసుకునే కంపెనీ మనిషిని కూడా పిలిపించారు, సంచీ తగిలించుకున్న మర్యాదస్తుడైన బెంగాలీ ఆయన. అందరం తొట్టి గట్టు మీద చేరాం. అప్ప కుర్చీలో, కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆయన నీళ్ళు పట్టి ఒక మాత్ర వేసి ఊపాడు. గులాబీ రంగు రావాలి. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. అదే గొట్టంలో రెండో రకం మాత్ర వేశాడు. చిక్కటి గులాబీ వచ్చేసింది. మొదటిది పనికొచ్చే క్లోరిన్, అది సున్నా, రెండోదంతా చచ్చిందేనని చెప్పాడు. గుంటూరు అమ్మాయి ఓపిగ్గా చెప్పిన మాట అక్షరం పొల్లుపోకుండా వినపడింది నాకు.

మందు ఎవరు వేస్తున్నారు, ఎవరు తగ్గించారు అని ఆయన అడిగాడు. కోపంగా కాదు, రాసుకోడానికి. నేను నోరు తెరిచేలోపే అప్ప అందుకుంది.

“నానే వద్దన్నాను. కళ్ళు మండతన్నాయని నానే తగ్గించమన్నాను. సెల్లి వేత్తానంటే నానే వెయ్యనీలేదు.”

ఆమె అలా ఎప్పుడూ అనలేదు. ఆమెకి క్లోరిన్ అంటే ఏమిటో కూడా తెలియదు. నా వంక చూడలేదు, నీళ్ళ వంక చూస్తూ చెప్పింది. నిజమేనా అన్నట్టు మరిదిగారు నా మొహం చూశారు. కాదు, తగ్గించింది నేను, నా లెక్క తప్పింది అనాలి. అంత చిన్న మాట. నా నాలుక మీద ముప్పై మూడేళ్ళు కూర్చున్నాయి. తప్పు రీడింగు ఎరగని మనిషిని అని నేను గోల్‌బజార్ దుకాణంలో మొదలుపెట్టి మరిదిగారి దగ్గరే ఎన్నిసార్లు చెప్పుకున్నానో. నేను తల ఊపాను. అవునని ఊపానో, ఊరికే ఊపానో నాకే తెలియకుండా ఊపాను. కంపెనీ ఆయన రాసుకున్నాడు.

మరిదిగారు కేకలు వేయలేదు. కుర్చీ పక్కన గొంతుక్కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నారు.

“వదినా, ఇంక నిన్నిక్కడ ఒక్కదాన్నీ ఉంచలేను. ఇయ్యాల నీల్లకి మందొద్దన్నావు, రేపు ఒంటికి మందొద్దంటావు. తెలిసినావిడ సెప్తుంటే కూడా ఇనకపోతే ఎలాగ?”

తెలిసినావిడ అంటే నేను. రెండు రోజులు గట్టిగా మందు కొడితే నీళ్ళు బాగైపోతాయని కంపెనీ ఆయన చెబుతూనే ఉన్నాడు, ఎవరూ వినలేదు. మాట తొట్టి మీద నుంచి మనిషి మీదకి వెళ్ళిపోయింది. అప్ప బతిమాలింది. తొట్టి వద్దంటే మానేస్తాను, ఇల్లు మాత్రం వదలనంది. ఆయన ఆమె చెయ్యి వదలకుండా, అలాగేలే, ముందు రా, తరువాత చూద్దాం అన్నారు. పెద్దవాళ్ళతో మనం అలా అన్నామంటే అయిపోయినట్టే. నేను వల పట్టుకుని ఆకులు తీస్తూ నిలబడ్డాను. ఆయన ముందే నిర్ణయించుకుని వచ్చాడు, నేనేమన్నా మారేది కాదు అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ తరువాత కూడా నెలల తరబడి అదే చెప్పుకున్నాను.

పది రోజుల్లో ఆమెను తీసుకెళ్ళిపోయారు. నీళ్ళు తోడించేసే రోజు పంపు వేయడానికి నన్నే పిలిచారు. నీళ్ళు దిగుతుంటే గోడల మీద నూనె గీతలు కనిపించాయి, ఏ రోజు ఎంత మట్టంలో ఉన్నాయో చెబుతూ. పూర్తిగా దిగాక అడుగున నేల నున్నగా, ఇటు గోడ నుంచి అటు గోడకి ఒకే దారిలో అరిగినట్టు అనిపించింది. అరగలేదు, నా కళ్ళకి అలా అనిపించింది. మరిదిగారు నమస్కారం పెట్టి, వదినకు చాలా సేవ చేశారండీ అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. ఆటోలో ఇందా వచ్చేదాకా తల ఎత్తలేదు.

మళ్ళీ అయిదింటికి లేచి గ్లాసులు కడిగే రోజులు వచ్చాయి. ఈసారి ఇంకా కష్టంగా ఉండేది. ముందు నాకు ఎవరూ లేరని మాత్రమే తెలుసు. ఇప్పుడు ఒక మనిషి ఉంటే పొద్దు ఎలా గడుస్తుందో కూడా తెలిసిపోయింది. అప్ప మొదట్లో ఫోను చేసేది. బాగున్నానంటే బాగున్నానని, తిన్నావా అంటే తిన్నానని. ఇద్దరం తొట్టి మాట ఎత్తేవాళ్ళం కాదు. తరువాత ఫోన్లు పలచబడ్డాయి. ఒకసారి ఆమె గొంతు వినగానే నాకు తెలిసిపోయింది, ఆమె పొద్దుట్నుంచీ ఎవరితోనూ మాట్లాడలేదని. ఆ గొంతు నాకు బాగా తెలుసు, అది నాదే. మర్నాడే రిటైరైనవాళ్ళకి రైల్వే ఇచ్చే పాస్ తీసి పొద్దున్న బండికి భువనేశ్వర్ వెళ్ళాను.

మరిదిగారిది నాలుగో అంతస్తులో ఫ్లాటు. శుభ్రంగా ఉంది, ఆమెకి వేరే గది ఇచ్చారు, టీవీ పెట్టారు. ఎవరూ ఏ లోటూ చేయలేదు. అప్ప మంచం మీంచి లేచి నాలుగు కాళ్ళ వాకరు పట్టుకుని నన్ను చూడడానికి వచ్చింది. తొట్టిలో ఏ ఆసరా లేకుండా గోడ నుంచి గోడకి నడిచిన మనిషి, గది నుంచి హాలుకి రావడానికి రెండుసార్లు ఆగింది. చిక్కిపోయింది. నన్ను చూసి నవ్వింది గానీ, ఏటి సెల్లీ ఇంత దూరం ఒచ్చినావు అన్న మాట సగంలో ఆయాసమొచ్చింది.

మరిదిగారు హాల్లోనే పేపరు చదువుకుంటున్నారు. కూర్చుంటే మళ్ళీ చెప్పలేనని నిలబడే చెప్పేశాను. ఆ రోజు మందు తగ్గించింది నేను. అప్ప వద్దనలేదు. నాకు తెలియక చేశాను, తెలిశాక చెప్పలేదు. గొట్టంలో నీళ్ళు పట్టి రంగు చూసినంతసేపు కూడా పట్టలేదు. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. కాసేపు నా మొహం, వదిన మొహం మార్చి మార్చి చూశారు.

“ఆ రోజు సెప్తే మిమ్మల్ని మాన్పించీసి, ఆ కంపెనీ మనిషిని పెట్టీవాణ్ణి గదండీ. వదినక్కడే ఉండీది.”

కోపం లేదు ఆ గొంతులో. జరిగిన లెక్క చెప్పినట్టు చెప్పారు. ఇప్పుడు వెనక్కి వెళ్ళే వీలు కూడా లేదన్నారు, ఇంట్లో అద్దెకి వచ్చినవాళ్ళు తొట్టిలో మట్టి పోయించి కూరపాదులు వేసుకున్నారట. టీ తాగి వెళ్ళండి అని లోపలికి చెప్పడానికి లేచారు. ఆయన ముందే నిర్ణయించుకున్నాడని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నదంతా ఆ ఒక్క మాటతో పోయింది.

అప్ప పక్కన కూర్చున్నాను. ఎందుకు నా నెత్తిన పడేది నీ నెత్తిన వేసుకున్నావు అప్పా అని అడిగాను. ఆమె వాకరు మీద చేతులు ఆనించుకుంది. వంటింట్లో ఆయన ఉన్నవైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

“మరిదిప్పుడు సెప్పినాడు గదే. నిన్ను మాన్పించీసి ఇంకొకడ్ని పెడతాడని నాకు తెల్సు. నీల్లకేటి, ఎవులైనా మందేత్తారు. నువ్వు రావు గదా.”

టీ వచ్చింది. తాగాను. బండి టైము అయ్యేదాకా ఆమె పక్కనే కూర్చుని, ఆమె చెయ్యి నా చేతిలో పెట్టుకున్నాను. మేమిద్దరం ఆ రోజు తొట్టి గట్టు మీద అబద్ధమే ఆడాం. ఆమె నన్ను నిలబెట్టుకోడానికి ఆడింది. నేను నా మంచిపేరు నిలబెట్టుకోడానికి ఆడాను. మొన్న టీకి పిలిచినప్పుడు, సర్వీసంతా ఒక్క తప్పు రీడింగు ఇవ్వని మనిషి అని మీరు నన్ను పరిచయం చేశారు. నేను కాదనలేదు.